బాజీ ఏ ఇంటి పిల్ల?

మేం పుట్టి పెరిగింది బేగంబజార్‌లో. ఇత్తడి బిందెలు, స్టీలు డబ్బాలు, బాదాం, పిస్తా, పెండ్లి సామాను, పూజ సామాను, ఏది కావాలన్నా టోకున దొరికే బజారు. షట్టర్లు లేచే చప్పుడుతోనే మాకు తెల్లారేది. దుకాణాల గద్దెల మీద మార్వాడీ, గుజరాతీ. గల్లీలో దక్కనీ. జిల్లాల నుంచి సరుకు కొనుక్కోవడానికి వచ్చేవాళ్లతో తెలుగు. మేం రెండు భాషల మనుషులం ఎట్లా అయ్యామంటే, ఇక్కడ పుట్టడం వల్లనే అయ్యాం.

ఈ బజారుకు ఒక ఆడమనిషి పేరుంది. రెండో నిజాం అలీఖాన్ బేగం, హుమ్దా బేగం, ఈ నేలను వ్యాపారులకు ఇచ్చిందని, అందుకే ఇది బేగంబజార్ అయిందని చెప్పుకుంటారు. రోజూ బిల్లు పుస్తకాల మీద వేలసార్లు అచ్చయ్యే పేరు అది. ఆ బేగం ఎవరని అడిగినవాళ్లను మాత్రం మేం చూడలేదు.

తిరుగుబాటు మాటకొస్తే మా బజారుకు ఇంకో పేరు ఉంది. తుర్రెబాజ్ ఖాన్. 1857 జులై 17న కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించినవాడు బేగంబజార్ మనిషే. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఆయనతో కలిసి నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపించారు. విప్లవం, ప్రవాసం, ఆజాదీ. మూడూ ఈ గల్లీలకు తెలిసిన మాటలే. మూడింటి పక్కనా మగవాళ్ల పేర్లే ఉన్నాయి.

మరి ఇదే పట్నంలో విప్లవం నడుమ పెరిగి పెద్దయిన ఆడపిల్ల ఒక్కతైనా లేదా? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్న. అది మా ప్రశ్న కాదు. ఒక మిత్రుడు వేసిన ప్రశ్న.

*

కొన్నేళ్ల కింద సిద్దిఅంబర్ బజార్ వైపు ఒక ఇరానీ హోటల్లో కూచున్నాం. మిత్రుడు తెలుగు కథకుడు, సెక్యులర్ మనిషి. మాకు ఏ కష్టం వచ్చినా ముందు నిలబడే మనిషి. 'పర్సెపోలిస్' సినిమా అప్పుడే చూశాడు. పుస్తకం కూడా చదివాడు. ఒకటే పొగుడుతున్నాడు. చాయ్ సగం తాగి, చాలా ప్రేమగా అడిగాడు: "మీలోంచి ఇట్లాంటి పిల్ల ఒక్కతన్నా వచ్చిందా భాయ్?"

ఆ 'మీలోంచి' అనే మాట దగ్గర మేం ఆగిపోయాం. తిట్టినవాడికి జవాబు చెప్పడం సులువు. ప్రేమగా అడిగినవాడికి కష్టం.

పర్సెపోలిస్ గొప్ప పుస్తకం. అందులో అనుమానం లేదు. మర్జానే సత్రాపీ 1969లో ఇరాన్‌లో పుట్టింది. 1979 విప్లవం నాటికి ఆమెకు పదేళ్లు. తల్లిదండ్రులు షాను వ్యతిరేకించిన వామపక్షవాదులు. షా పోయాడని సంబరపడినవాళ్లే ఏడాది తిరక్కుండా కొత్త ప్రభుత్వానికి భయపడాల్సి వచ్చింది. ఆమెకు ఇష్టమైన బాబాయిని కొత్త ప్రభుత్వం చంపేసింది. తర్వాత ఇరాక్‌తో యుద్ధం. పద్నాలుగేళ్ల పిల్లను తల్లిదండ్రులు వియన్నా పంపించారు. ఆ పిల్ల తిరిగొచ్చింది, మళ్లీ 1994లో ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. ఈ కథనంతా తెలుపు నలుపు బొమ్మల్లో గీసి 2000 నుంచి నాలుగు భాగాలుగా అచ్చు వేసింది. 2007లో సినిమా అయింది.

మా మిత్రుడు ఆ పుస్తకంలో చదివింది మొదటి పేజీల్లోని పరదా సంగతి మాత్రమే. బడిలో పిల్లలందరి తలల మీద ఒక్కరోజులో గుడ్డ కప్పిన సంగతి. అది నిజం. కానీ అదే పుస్తకంలో వియన్నా ఉంది. స్వేచ్ఛ ఉన్న దేశమని పంపితే, అక్కడ ఆ పిల్లను ఎవరూ తమదాన్ననుకోలేదు. చలికాలంలో వీధుల్లో పడుకునే దాకా వచ్చింది. దేశంలో ఉంటే ఆడదానిగా ఊపిరాడదు, దేశం దాటితే ఇరానీగా ఊపిరాడదు. పుస్తకం బలమంతా ఈ రెండోమాటలో ఉంది. మన దగ్గర ఆ రెండోమాట వినబడదు. ముస్లిం ఆడపిల్ల కథ అనగానే మనవాళ్లకు ఒకటే రేవు తెలుసు. పరదా ఇవతల చీకటి, అవతల వెలుగు. మధ్యలో ఏమీ లేదు.

దీనికి ఎదురుగా మావాళ్ల దగ్గర ఇంకో కథ తయారుగా ఉంది. తెహజీబ్ కథ. మా ఇళ్లల్లో ఆడవాళ్లు రాణుల్లా బతికారు, బేగమ్‌లు షేర్లు చదివేవాళ్లు, పాన్‌దాన్‌లు వెండివి, మాటలు తేనెలు అని. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా మగవాళ్లు. దీంట్లో ఆడపిల్ల పెరిగి పెద్దయ్యే పనే లేదు. ఎప్పుడూ బేగమే.

ఒకటి చీకటి కథ, ఒకటి అత్తరు కథ. ఈ రెంటికీ బయట ఒక పిల్ల ఉంది. ఆరోజు హోటల్లో మాకు ఆమె పేరు నోటిదాకా వచ్చి ఆగింది. పేరు తెలుసు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఇప్పుడు మొదలుపెడుతున్నాం.

*

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వేసిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, కూచుని, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని అచ్చు వేశారు. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటి వాళ్ల గొంతులు అందులో ఉన్నాయి. మేం డిగ్రీలో ఉన్నప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాం. అట్ట చిరిగి ఉంది. ఇంటికొచ్చి తిరగేస్తుంటే ఆ పేర్ల మధ్య ఒక పేరు కనబడింది. జమాలున్నీసా బాజీ.

తెలుగు పుస్తకంలో విప్లవం గురించి మాట్లాడే ముస్లిం ఆడమనిషిని చూడడం మాకు అదే మొదలు. రజాకార్ అనే మాట పక్కన కాకుండా ముస్లిం పేరు పోరాట చరిత్రలో కనబడడం కూడా దాదాపు అదే మొదలు.

బాజీ 1915లో హైదరాబాద్‌లో పుట్టింది. ఆమె తమ్ముళ్లలో అఖ్తర్ హసన్ తర్వాత 'పయామ్' పత్రికకు ఎడిటర్ అయ్యాడు. 1935లో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ మొదలుపెట్టిన పత్రిక అది. బాజీ చిన్నతనంలోనే నియాజ్ ఫతేపురీ నడిపే 'నిగార్' చదివింది. మతపెద్దలకు ఏమాత్రం గిట్టని పత్రిక. మతం పేరిట నమ్మేవాటిని కారణం చూపమని నిలదీసే పత్రిక. పెళ్లయింది. అత్తింటి నుంచి మద్దతు లేకపోయినా చదువు, ఆలోచన ఆగలేదు. హస్రత్ మొహానీని ఎరిగిన ఇల్లు. ఆజాదీ ఉద్యమం గాలి ఆ ఇంట్లోకి వచ్చింది. 'బజ్మె అహబాబ్' అని స్నేహితుల కూటమి పెట్టి సోషలిజం, కమ్యూనిజం, పాత ఆచారాల సంగతి చర్చించారు. పరదా వదిలేసింది. మఖ్దూం మొహియుద్దీన్‌తో దగ్గరి స్నేహం. పార్టీని నిషేధించిన రోజుల్లో అజ్ఞాతంలో ఉన్నవాళ్లకు ఆ ఇల్లు ఆశ్రయమిచ్చింది. ఆ తర్వాత మహిళా సంఘం, ఆడవాళ్ల సహకార సంఘం, ఉర్దూ పని. నూరేళ్లు దాటి బతికి 2016లో పోయింది.

ఇది ఒక పేరాలో పట్టింది కాబట్టి చిన్న జీవితం అనుకోవద్దు. ఈ పేరాలో ప్రతి వాక్యం వెనకా ఒక ఇల్లు, ఒక గడప, ఒక తగాదా ఉన్నాయి.

*

మేం దీన్ని మొదటిసారి చదివినప్పుడు వెతికింది పరదా తీసేసిన ఘట్టం కోసమే. ఒప్పుకుంటున్నాం. మా మిత్రుడిని తప్పుపట్టే ముందు మేమూ అదే కళ్లతో చదివామని చెప్పాలి. ఒక పెద్ద సన్నివేశం ఉంటుందనుకున్నాం. అది కాదు ముఖ్యమని చాలా ఏళ్లకు అర్థమైంది. పరదా కంటే ముందే చాలా జరిగిపోయింది. నిగార్ చదివిన పిల్ల, పరదా వెనకాల ఉండగానే మారిపోయింది. గుడ్డ తర్వాత తీసింది.

పర్సెపోలిస్‌లో పిల్ల పెరగడం అంటే ఇల్లు దాటి, దేశం దాటి పోవడం. బాజీ కథలో పెరగడం అంటే బయటి ప్రపంచాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం. ముందు పత్రిక వచ్చింది. తర్వాత తమ్ముళ్ల స్నేహితులు వచ్చారు. తర్వాత వాదనలు, కవిత్వం, ఆఖరికి పోలీసులు వెతికే మనుషులు వచ్చారు. ఇల్లు అనేది ఆడవాళ్లను దాచే చోటు అని కదా అంటారు. ఈ ఇల్లు విప్లవకారులను దాచింది. దాచింది ఆడవాళ్లు.

మన విమర్శకులకు ఇది లెక్కలోకి రాదు. తుపాకీ పట్టిన స్వరాజ్యం లెక్కలోకి వస్తుంది, రావాలి కూడా. పొలం కోసం దేశ్‌ముఖ్‌తో తలపడిన ఐలమ్మ లెక్కలోకి వస్తుంది. తలుపు తీసి లోపలికి రమ్మని, అన్నం పెట్టి, మళ్లీ తలుపు వేసి, గుమ్మం ముందు ఏమీ తెలియనట్టు కూచున్న మనిషి లెక్కలోకి రాదు. అది ఇంటిపని కదా! ఇంటిపనికి చరిత్రలో జీతం ఎక్కడుంది?

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. దాన్ని దాటేసి పొగుడుకుంటూ పోతే విమర్శ కాదు. బాజీ పెరిగింది చదువుకున్న ఇంట్లో. పత్రికలొచ్చే ఇంట్లో. అన్నదమ్ములు అండగా నిలిచిన ఇంట్లో. హైదరాబాద్‌లో అప్పటి ముస్లిం ఆడపిల్లలందరికీ నిగార్ వచ్చిందా? బేగంబజార్ వెనక గల్లీల్లో గాజుల మెరుగు, జరీ పని చేసుకునే ఇళ్లల్లో పిల్లలకు అది అందిందా? అందలేదు. బాజీ స్వేచ్ఛలో ఆమె తెగింపు ఎంత ఉందో, షరీఫ్ ఖాందాన్ ఇచ్చిన వెసులుబాటు అంత ఉంది. ఐలమ్మ నోట వచ్చే మాటకూ బాజీ నోట వచ్చే మాటకూ మధ్య ఉన్న దూరం తెలుగుకూ ఉర్దూకూ మధ్య ఉన్న దూరం మాత్రమే కాదు. పుస్తకం ఇద్దరినీ ఒకే అట్టల మధ్య కూచోబెట్టింది. ఆ దూరాన్ని చూడాల్సింది మనం.

*

ఈ చిక్కు మాకంటే బాగా పట్టుకున్నది మా అమ్మీ.

అమ్మీకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఒక రంజాన్‌లో, ఇఫ్తార్ తర్వాత, బాజీ చెప్పింది చదివి వినిపించాం. తెలుగులో చదువుతూ నోటితో ఉర్దూలోకి మార్చుకుంటూ. అమ్మీ చేతిలో తస్బీ తిరుగుతోంది. పరదా తీసేసిన సంగతి దగ్గర కోపం వస్తుందేమో అని ఆగి చూశాం. ఏమీ అనలేదు. మీటింగుల సంగతి వచ్చింది. అప్పుడు తస్బీ ఆపింది.

"జల్సే కూ గయీ సో ఠీక్. ఘర్ మే రోటీ కౌన్ డాలే?"

సభకు పోయింది సరే, ఇంట్లో రొట్టెలు ఎవరు చేశారు అని. మాకు నవ్వొచ్చింది. అమ్మీ నవ్వలేదు. "నవ్వకు బేటా. ఎవరో ఒకరు చేసే ఉంటారు. ఆమె పేరు కూడా రాసిన్రా?" అంది.

మేం ఎన్నో సెమినార్లలో కూచున్నాం. ఇంత సూటి ప్రశ్న ఎక్కడా వినలేదు. నిజానికి 'మనకు తెలియని మన చరిత్ర' అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. పోరాటంలో ఉన్నప్పుడు బిడ్డలను ఎవరు చూశారు? దళంలో వంట ఎవరు చేశారు? 1951 అక్టోబరులో పోరాటం విరమించాక మగవాళ్లు ఎన్నికల్లోకి, చట్టసభల్లోకి వెళ్లారు. ఆడవాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు. ఆ నొప్పి ఆ పుస్తకంలో ఒకరికి మించి చెప్పుకున్నారు. కోటేశ్వరమ్మ తన 'నిర్జన వారధి'లో 2012 నాటికి, తొంభై దాటిన వయసులో, ఇంకా ఆ నొప్పే చెబుతోంది. విప్లవం పిల్లను పెద్ద చేసింది. పెద్దయ్యాక నీకు చోటు లేదంది.

జీలానీ బానో 'ఐవానె గజల్' నవల 1976లో వచ్చింది. హైదరాబాద్ నవాబు హవేలీ కూలిపోతున్న కాలం, తెలంగాణ పోరాటం పెరుగుతున్న కాలం. చాంద్, గజల్ అనే ఆడపిల్లలు ఆ హవేలీలో పెరుగుతారు. బయటి ప్రపంచం వాళ్లకు తలుపులు తెరుస్తుంది. కానీ ఆ తలుపుల దగ్గర కాపలా మగవాళ్లదే. పాత మగవాళ్లు పరదాలో ఉంచి ఏలుకుంటే, కొత్త మగవాళ్లు పరదా బయటికి తెచ్చి వాడుకుంటారు. క్రాంతి అనే పేరు పెట్టుకున్న తర్వాతి తరం పిల్ల మీద రచయిత్రి ఆశ పెట్టుకుంది. బయటికి రావడం ఒక్కటే ఆజాదీ అయితే ఆ నవల రాయాల్సిన అవసరమే లేదు. మా మిత్రుడికి పర్సెపోలిస్ పక్కన పెట్టుకుని చదవమని చెప్పాల్సిన పుస్తకం ఇది.

*

ఇక ప్రవాసం సంగతి. మర్జానే సత్రాపీ రెండుసార్లు విమానం ఎక్కింది. బాజీ ఎక్కడికీ పోలేదు. మరి ప్రవాసం అని ఎందుకంటున్నాం?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలు నిజం. ఊళ్లు తగలబెట్టింది నిజం. 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపింది వాళ్లే. చచ్చిపోయినవాడు ముస్లిం జర్నలిస్టు. ఆ పేరును మేం, ఈ వృత్తిలో ఉన్నవాళ్లం, మరవకూడదు. సైన్యం వచ్చిన తర్వాత జరిగింది కూడా నిజం. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక జనం చదువుకునే వీలు 2013లో గానీ రాలేదు. అరవై అయిదేళ్లు ఒక దుఃఖాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

చాలామంది కరాచీ వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఉన్నారు. ఉన్నవాళ్ల కింద నేల మారిపోయింది. 1918లో పుట్టి, ఉర్దూలో వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం చెప్పిన ఉస్మానియా యూనివర్సిటీ ఇంగ్లీషులోకి మారింది. దఫ్తర్లలో ఉర్దూ పోయింది. బాజీ తరం ఏ భాషలో విప్లవాన్ని కలగన్నదో, ఆ భాష వాళ్ల సొంత ఊర్లోనే పరాయిదైంది. 1945లో ఇదే పట్నంలో ఉర్దూ అభ్యుదయ రచయితలు మహాసభ జరుపుకున్నారు. ఆ సభలో కూచున్నవాళ్ల మనవరాళ్లకు ఇవాళ ఉర్దూ లిపి రాదు. ఎక్కడికీ పోకుండానే పరదేశీ అవడం అంటే ఇదే.

ఇంకో సంగతి. బాజీ 'నేను' అని చెప్పుకున్నది ఉర్దూలో. మా చేతికి వచ్చింది తెలుగులో. పుస్తకం వేసినవాళ్లు గొప్ప మేలు చేశారు. వాళ్లు రికార్డు చేయకపోతే ఆ గొంతే లేదు. కానీ ఆజాదీ అన్నప్పుడు ఒక ఉర్దూ మనిషికి గుండెలో కదిలేది వేరు. అది తెలుగులో స్వాతంత్ర్యం అయితే ఆగస్టు 15 గుర్తొస్తుంది, స్వేచ్ఛ అయితే ఒంటరి మనిషి గుర్తొస్తుంది. ఆజాదీలో దేశమూ ఉంది, మనిషీ ఉంది. రెండింటినీ ఒకే మాటలో కలగన్న తరం అది. మేం అమ్మీకి చదివి వినిపించినప్పుడు తెలుగు నుంచి మళ్లీ ఉర్దూలోకి మార్చాం. వెళ్లిన మనిషి తిరిగొచ్చినట్టు అనిపించింది. తిరిగొచ్చిన మనిషి వెళ్లినప్పటిలాగే ఉంటుందా?

*

ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నను తిప్పి అడుగుదాం. బాజీ ఉన్నదని అందరికీ ఎందుకు తెలియదు? ఆమె ఏ ఇంటి పిల్ల?

కమ్యూనిస్టులు ఆమెను కామ్రేడ్ అంటారు. కామ్రేడ్ అన్నాక ముస్లిం అనే సంగతి ఎత్తకూడదు. మఖ్దూంను తల్చుకుంటారు, పాటలు పాడుకుంటారు. మఖ్దూం తిరిగిన ఇళ్లను, ఆ ఇళ్లలోని ఆడవాళ్లను తల్చుకోరు.

మా ఖౌమ్ ఆమెను తల్చుకోదు. నిగార్ చదివింది, పరదా తీసింది, ఎర్రజెండా కింద నిలబడింది. ఇలాంటి పిల్ల పేరు మన మహల్లాలో ఎత్తితే మన ఆడపిల్లలు చెడిపోతారు అని భయం. సుల్తానాల పేర్లు, బేగమ్‌ల పేర్లు బడులకు పెట్టుకుంటాం. బాజీ పేరు పెట్టుకోం.

తెలుగువాళ్లకు ఆమె ఉర్దూ మనిషి. సాహిత్య చరిత్రలో ఉర్దూవాళ్లకు ఒక చివరి పేరా ఇస్తారు. అందులో ఆమె పట్టదు.

మరి మేం? ముస్లింవాదం అని కలం పట్టినవాళ్లం? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. మమ్మల్ని అనుమానించే దేశాన్ని నిలదీశాం. బాగానే నిలదీశాం. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చేదాకా ఇంటిలోపలి సంగతి ఆడగొంతులో గట్టిగా వినబడలేదు. మేం మా తాతలను వెతుక్కున్నాం. నానీలను, దాదీలను వెతకలేదు. 1986 నుంచి బాజీ గొంతు అచ్చులో ఉంది. మేం ఎన్ని వ్యాసాల్లో ఆమెను తల్చుకున్నాం? ఈ తప్పులో మా వాటా మేం తీసుకుంటున్నాం.

ఇది పాత లెక్క కాదు. ప్రతి సెప్టెంబరు 17న ఈ లెక్క తీస్తున్నారు. 2022 నుంచి కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినం' జరుపుతోంది. రాష్ట్రంలో ఒక ప్రభుత్వం సమైక్యత అంది, తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన అంది. పేరు ఏదైనా, ఆ రోజు వేదికల మీద నుంచి దొర్లే మాటల్లో ముస్లిం అంటే రజాకార్. ఆ పేర్ల జాబితాలో షోయబుల్లా ఖాన్‌ను ఎప్పుడన్నా ఒకసారి చేర్చి దులుపుకుంటారు. ఆ వేదిక మీద బాజీ పేరు ఎత్తి చూడండి. విమోచన కథ కుంటుతుంది. నిజాంను కాదన్న ముస్లిం ఇల్లు, దొరను కాదన్న ముస్లిం ఇల్లు, పరదాను కాదన్న ముస్లిం ఆడపిల్ల. ఈ మూడూ ఒకే గడప లోపల ఉన్నాయంటే, ఎవరి నుంచి ఎవరిని విమోచనం చేశారని అడగాల్సి వస్తుంది.

తుర్రెబాజ్ ఖాన్ దాడి చేసిన రెసిడెన్సీ తర్వాత కోఠీ మహిళా కాలేజీ అయింది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. బేగంబజార్ నుంచి నడిచిపోయే దూరం. ఆ పేరు చూసినప్పుడల్లా మాకు సంతోషమే. ఐలమ్మ పక్కనే, అదే పుస్తకంలో, బాజీ కూడా ఉంది. ఆ విశ్వవిద్యాలయం గేటులోకి రోజూ బురఖాతో నడిచిపోయే మా పిల్లలకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

*

బురఖా అన్నాం కాబట్టి ఆ మాట ముగించాలి. 2022లో ఇరాన్‌లో మహ్‌సా అమీనీ పోలీసుల అదుపులో చనిపోయింది. తల మీది గుడ్డ సరిగా లేదని పట్టుకెళ్లారు. ఆడపిల్లలు వీధుల్లోకి వచ్చి ఆ గుడ్డలు తగలబెట్టారు. అదే ఏడాది ఉడుపిలో హిజాబ్ వేసుకున్న పిల్లలను కాలేజీ గేటు బయట నిలబెట్టారు. మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధం సరైనదే అంది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. మా మిత్రులు టెహ్రాన్ పిల్లలకు చప్పట్లు కొట్టారు, ఉడుపి పిల్లల దగ్గర గొంతు సవరించుకున్నారు. మావాళ్లు ఉడుపి పిల్లలకు చప్పట్లు కొట్టారు, టెహ్రాన్ పిల్లల దగ్గర మౌనం పట్టారు. అక్కడ కప్పుకో అని హుకుం, ఇక్కడ తీసేయ్ అని హుకుం. హుకుం ఒకటే.

బాజీ ఎవరి హుకుంతోనూ తీయలేదు. చదివింది, వాదించింది, తనే నిర్ణయించుకుంది. మాకు ఆమె నుంచి తీసుకోవాల్సింది ఆ నిర్ణయించుకోవడం. ఒక పిల్ల అట్లా ఆలోచించి ఉంచుకుంటే ఉంచుకోనీ, తీసేస్తే తీసేయనీ. ఆలోచించే చోటు, చదివే పత్రిక, వాదించే నలుగురు స్నేహితులు, అండగా నిలబడే ఇల్లు ఆ పిల్లకు ఉన్నాయా అన్నదే అడగాల్సింది. బాజీకి ఉన్నాయి. ఇవాళ మా గల్లీ పిల్లకు సెల్‌ఫోన్ ఉంది, కోచింగ్ ఉంది. ఆ నాలుగూ ఉన్నాయా?

మొన్న మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చింది. ఇంటర్ చదువుతోంది, ఇంగ్లీషు మీడియం. ఉర్దూ మాట్లాడుతుంది, లిపి రాదు. తెలుగు సెకండ్ లాంగ్వేజ్ కాబట్టి చదువుతుంది. అమ్మీకి కళ్లు మసకబారాయి. పాత పుస్తకం చేతికిచ్చి, నానీకి చదివి వినిపించమన్నాం. పిల్ల తడుముకుంటూ తెలుగు చదువుతోంది. ఒక్కో వాక్యానికి ఆగి, నానీకి ఉర్దూలో చెబుతోంది. అమ్మీ తప్పులు దిద్దుతోంది.

మధ్యలో పిల్ల ఆగి అడిగింది: "నానీ, యే అపనేచ్ లోగాఁ హై క్యా?" ఈమె మనవాళ్లేనా అని.

అమ్మీ జవాబు చెప్పడానికి కొంచెంసేపు పట్టింది. "ఇంకా చదువు" అంది.